రెల్లుపూలు తురుముకునే నెల

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. ఎండాకాలంలో కూడా జపాను గేషాలు అన్ని పొరల పట్టు కట్టుకుంటే ఉక్కపోయదా అని మీరు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఉక్కపోస్తుంది. మూడు వైపులా కొండలున్న క్యోటో నగరంలో గాలి ఆడదు. మనకు వానలు పడి చల్లబడ్డాక, జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ అసలైన వేసవి వస్తుంది. అయినా వాళ్లు పొరలు తగ్గించుకోరు, నేత మారుస్తారు.

ముందు ఒక మాట. 'గేయ్' అంటే కళ, 'షా' అంటే వ్యక్తి. నాట్యం, సంగీతం ఏళ్ల తరబడి అభ్యసించిన కళాకారిణి గేషా. క్యోటోలో ఆమెను గేయ్కో అనీ, ఇంకా శిక్షణలో ఉన్న అమ్మాయిని మైకో అనీ పిలుస్తారు.

అక్టోబరు నుంచి మే వరకు అస్తరు వేసిన కిమోనో అనే సంప్రదాయ దుస్తు, జూన్‌లోనూ సెప్టెంబరులోనూ అస్తరు లేనిది, జూలై, ఆగస్టుల్లో వలలా సందులున్న పలుచని జాలీ నేత పట్టు కట్టుకోవడం వారి ఆచారం. ఈ జాలీ నేతల్లో 'రో' అనేది నాకు మహా ఇష్టం. మూడు గాని, ఐదు గాని, ఏడు గాని పేక (అడ్డ) పోగులు నేసిన తరువాత పక్కపక్కనున్న పడుగు (నిలువు) పోగులను ఒకదానిపై ఒకటి మెలివేస్తారు. ఆ మెలిక పడిన చోటల్లా సన్నని రంధ్రాల వరుస ఏర్పడి, బట్ట అడ్డంగా గీతలు గీసినట్టు కనిపిస్తుంది. ప్రతి పేక పోగుకూ మెలివేస్తే 'షా' అనే ఇంకా పలుచనైన మరో నేత తయారవుతుంది. లోపలి తెల్లని వస్త్రం ఆ సందుల్లోంచి లీలగా కనబడుతూ, ఆమె కదిలినప్పుడల్లా నీటి మీద వెలుగు కదిలినట్టు ఉంటుంది. కట్టుకున్నవారికి కొంచెం గాలి తగిలే మాట నిజమే గాని, ఆ నేత అసలు చల్లబరిచేది చూసేవారి కళ్లను. సెలయేళ్లు, మిణుగురులు, రానున్న శరదృతువులో పెరిగే గడ్డిపూలు ఆ బట్టల మీద కనిపించడానికి కారణం కూడా అదే. మైకో నడుముకు చుట్టి వెనక వేలాడదీసే ఐదు మీటర్లకు పైబడిన 'ఓబి' పట్టీ సైతం వేసవిలో పలుచని నేతకు మారుతుంది.

ఇక తలలోని పూలు. మైకో తన సొంత జుట్టుతోనే కొప్పు కట్టించుకుని, అది చెదరకుండా ఎత్తైన తలగడపై మెడ ఆనించి పడుకుంటుంది. చిన్న చిన్న పట్టు చతురస్రాలను పట్టకారుతో మడిచి, బియ్యపు జిగురుతో అతికించి, రేకు తరువాత రేకుగా చేసిన పూలను ఆ కొప్పులో అలంకరిస్తారు. మన పూలజడలాగా ఇవి ఒక్క వేడుక కోసం కావు, నెలనెలా మారుతాయి. వానలు కురిసే జూన్‌లో విల్లో కొమ్మలు, జూలైలో గుండ్రని విసనకర్రలు, సెప్టెంబరులో నీలి గంట పూలు పెడతారు. ఆగస్టులో వచ్చేది మన ఏటిగట్ల మీది రెల్లుపూలకు దగ్గరి చుట్టమైన 'సుసుకి' గడ్డి. వెండిలా తళతళలాడే దాని వెన్నులను పట్టుతో అంత సన్నగా తీర్చడం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కొప్పులో గుచ్చే పూసపిన్నుకు చలికాలంలో ఎర్రని పగడమూ, వేసవిలో పచ్చని జేడ్ రాయీ ఉంటాయి. క్యోటోలో జూలై అంతా సాగే గియోన్ ఉత్సవం రోజుల్లో శిక్షణలో పైమెట్టుకు చేరిన మైకోలు 'కత్సుయామా' అనే ప్రత్యేకమైన కొప్పు పెట్టుకుంటారు.

ఆగస్టు 1న మాత్రం ఎండను లెక్కచేయకుండా, క్యోటోలో గేషాలు ఉండే గియోన్ పేటలోని గేయ్కోలు, మైకోలు ఆనవాయితీ ప్రకారం నల్లని 'రో' పట్టు కిమోనోలు ధరించి తమ నాట్యగురువు ఇంటికీ, తాము అతిథులను అలరించే టీ గృహాలకూ కాలినడకన వెళ్లి నమస్కరిస్తారు. గురువు పట్ల ఉన్న ఆ భక్తి నా మనసును తాకింది.

ఇప్పుడు మీ ఫొటో మళ్లీ తీసి చూడండి. ఆ అమ్మాయి తలలో చిన్న విసనకర్రలున్నాయి, కొప్పులో పచ్చని పూస ఉంది, కాబట్టి అది జూలై. చెంప పక్కన పూల సరాలు వేలాడుతున్నాయి, కింది పెదవికి మాత్రమే ఎరుపు రంగు ఉంది. అవి కొత్త మైకోకు గుర్తులు, మొదటి ఏడాది గడిచాక ఆ సరాలు తీసేస్తారు. అంటే మైకోగా ఆమెకు అదే తొలి వేసవి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ