నార్వే మాటల్లో అతుకు ఎక్కడ?

రాత్రి రైలును నార్వే భాషలో 'నట్‌తోగ్' అంటారు. నట్ అంటే రాత్రి, తోగ్ అంటే రైలు. వాళ్ల లిపిలో నట్ చివర రెండు 'టి'లు, తోగ్ మొదట ఒకటి. కలిపితే మూడు కావాలి. ఒకే హల్లును వరసగా మూడుసార్లు రాయకూడదన్న నియమం వల్ల ఒకటి లోపిస్తుంది. తమాషా ఏమిటంటే, పంక్తి చివర చోటు చాలక మాటను విరిచినప్పుడు ఆ లోపించిన 'టి' మళ్లీ వచ్చి చేరుతుంది. అతుకు కంటికి కనబడకపోయినా దాని చోటు అందరికీ తెలుసు.

తెలియక తప్పదు కూడా. మన ఛందస్సు సమాసంలోని అతుకును లెక్కచేయదు: 'రామప్రసాదం'లో తరవాత 'ప్ర' వచ్చినందుకు 'మ' గురువైపోతుంది. నార్వే భాషలో అలా కుదరదు. 'బూక్‌స్కాప్' అంటే పుస్తకాల బీరువా: బూక్ పుస్తకం, స్కాప్ బీరువా. మధ్యనున్న 'స్'ను ముందు మాటకు అంటగడితే అది 'బొక్స్' అవుతుంది, అంటే డబ్బా. అతుకు ఒక్క హల్లు జరిగితే చాలు, అచ్చు కూడా పొట్టిదైపోతుంది. ఊనిక పడిన చోట, అంటే మాటలో గట్టిగా నొక్కి పలికే చోట, అచ్చైనా దీర్ఘంగా ఉండాలి, దాని తరవాతి హల్లైనా బరువుగా, అంటే ఒత్తుగానో జంటగానో, ఉండాలి అన్నది ఆ భాష పట్టుదల. 'తాక్' ఇంటి కప్పు, 'తక్' ధన్యవాదం.

ఇక మాటలను నిజంగా అతికించేది ఊనికే. సమాసంలో ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి మాట మీద పడుతుంది. రెండోది కాస్త తగ్గుతుంది. 'లమ్మెలోర్' అని కలిపి పలికితే గొర్రెపిల్ల తొడ మాంసం. విడదీసి, రెండో మాటనూ గట్టిగా పలికితే చచ్చుబడిన తొడలు! కలపవలసిన మాటలను విడదీసి రాయడాన్ని 'సేర్‌స్క్రీవింగ్' అంటారు. నార్వే భాషాభిమానులకు అది ఒళ్లు మండించే తప్పు. ఇంగ్లీషు ప్రభావమని నిందించేవారు చాలామంది. నాకైతే ఆ రాసినవారి మీద జాలి కలుగుతుంది. బోర్డు మీద ఖాళీ వదిలిన దుకాణదారు కూడా నోటితో చెప్పేటప్పుడు తప్పు చేయడు.

మూడు మాటలు కలిసినప్పుడు ఇంకో ఏర్పాటు ఉంది. వైన్ గ్లాసు 'వీన్‌గ్లస్'. రెడ్ వైన్ గ్లాసు మాత్రం 'రోవీన్స్‌గ్లస్'. ఊనిక ఎరుపును చెప్పే 'రో' మీదికి వెళ్లింది, వీన్ తరవాత కొత్తగా ఒక 'స్' దిగింది. ఎరుపు వైనుది, గ్లాసుది కాదు అని చెప్పడమే ఆ 'స్' పని.