చెయ్యనన్నది ఎవరు? ఆర్డర్ సరుకు, మతస్వేచ్ఛ, వివక్ష చట్టాల పూర్వాపరాలు

వరంగల్‌లో పెండ్లి పత్రికలు కొట్టే దుకాణానికి పోతే కౌంటర్ మీద మూడు రకాల నమూనాలు కనబడతాయి. ఒకటి వినాయకుడి బొమ్మతో, శ్రీరస్తు శుభమస్తు అని మొదలయ్యేది. ఇంకొకటి సిలువతో, బైబిల్ వాక్యంతో. మరొకటి 786 అంకెతో, ఉర్దూ అక్షరాలతో. దుకాణదారు ఏ దేవుడికి మొక్కుతాడో గిరాకీకి పట్టింపు లేదు, గిరాకీ ఎవరికి మొక్కుతాడో దుకాణదారుకూ పట్టింపు లేదు. అందుకే ఇద్దరు పురుషుల పెండ్లికి కేకు అడిగితే ‘నా మతం ఒప్పుకోదు, ఈ ఆర్డర్ చెయ్యను’ అని బేకరీవాడు అన్న అమెరికా తగాదా ఇక్కడ చదివేవాళ్లకు మొదట వింతగానే ఉంటుంది. అయితే చేసిపెట్టేవాడు కాదు పొమ్మన్న సందర్భాలు మన దగ్గర తక్కువేం కాదు. అవి వచ్చిన దారి వేరు, అంతే. ఆ దారి చూడకుండా అక్కడి తీర్పులు తెచ్చి ఇక్కడ అతికిస్తే లెక్క తప్పుతుంది.

ఆర్డర్ సరుకు విషయంలో చిక్కు ఎక్కడుందో ముందు చూడాలి. అరలో ఉన్న సబ్బు అమ్మనంటే అది మనిషిని కాదనడమే, అందులో వేరే అర్థం లేదు. కేకు మీద రాత, ఫ్లెక్సీ మీద బొమ్మ, కుట్టించుకునే బట్ట, పోయించుకునే విగ్రహం అట్లా కాదు. వాటిలో చేసేవాడి చెయ్యి ఉంటుంది, ఒక్కోసారి పేరూ ఉంటుంది. కాబట్టి కాదన్నప్పుడు రెండు ప్రశ్నలు లేస్తాయి: అడిగిన మనిషిని కాదన్నాడా, రాయమన్న సంగతిని కాదన్నాడా? ప్రపంచంలోని తీర్పులన్నీ ఈ రెంటి మధ్యనే నలిగాయి. తెలంగాణ పల్లెకు మూడో ప్రశ్న కూడా వెయ్యాలి: కాదనమని అతనికి చెప్పింది ఎవరు?

మన ప్రాంతంలో ఆర్డర్ మీద చేసే సరుకుకు పాత ఉదాహరణ చేర్యాల పటం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలోదే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. గుడ్డ ఆరి గట్టిపడ్డాక ఎర్రని నేల మీద బొమ్మలు వేస్తారు. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు ముప్పై అడుగులు దాటినవీ ఉన్నాయి. ఈ పటాలు అంగట్లో పెట్టి అమ్మేవి కావు. ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు వచ్చి, తమకు కావలసిన కథ చెప్పి గీయించుకునేవాళ్లు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్లకు మార్కండేయ పురాణం, మాదిగలకు కథ చెప్పే డక్కలివాళ్లకు జాంబ పురాణం, చాకళ్లకు మడేలు పురాణం, గౌండ్లకు గౌడ పురాణం. జాంబ పురాణంలో జాంబవంతుడు సృష్టికి ముందే పుట్టినవాడు, అందరికంటే పెద్ద. మడేలు పటంలో పెద్దరికం వేరేవాళ్లది. ఒక కథను ఒప్పుకుంటే ఇంకో కథను ఒప్పుకోవడం కష్టం. ఈ పటాలు గీసే నకాషీలు మాత్రం అన్నీ గీశారు. పటంలోని మాట గీసినవాడిది కాదు, గీయించుకున్నవాడిదని ఊరందరికీ తెలుసు. అమెరికా సుప్రీంకోర్టు తలపట్టుకున్న ప్రశ్నకు ఇక్కడ వాడుకే జవాబు చెప్పేసింది.

అదే ఊళ్లో మంగలి పని, చాకలి పని అందరికీ అందేవి కావు. ఆయగాళ్ల పద్ధతిలో పని చేసేవాడికి పంట మీద గింజలు ముట్టేవి, ఎవరికి చెయ్యాలో ఎవరికి చెయ్యకూడదో కూడా ఆ గింజలు ఇచ్చేవాళ్లే నిర్ణయించేవాళ్లు. దళితవాడకు పోయి క్షవరం చేస్తే మిగతా ఊరు అతనితో చేయించుకోవడం మానేసేది. అంటే ‘చెయ్యను’ అన్న మాట మంగలి నోట వచ్చినా, ఆ నిర్ణయం అతనిది కాదు. తర్వాత వచ్చిన చట్టాల బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క సంగతి దగ్గరే తేలతాయి.

1948లో అడిగిన ప్రశ్న

మన రాజ్యాంగంలో వివక్షను నిషేధించే 15వ అధికరణం ముసాయిదాలో 9వది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో అది చర్చకు వచ్చింది. పోలీసు చర్య జరిగి అప్పటికి రెండు నెలలు దాటింది, హైదరాబాద్ సంస్థానం సైనిక పాలనలో ఉంది, ఆ సభలో మన ప్రతినిధులు లేరు. దుకాణాల్లోకి ప్రవేశం అని రాశారు సరే, మరి లాండ్రీ, క్షౌరశాల దుకాణాలేనా అని సభ్యులు అడిగారు. అంబేడ్కర్ ఇచ్చిన వివరణ ఇప్పటికీ దీనికి మూలం: కోరి వచ్చిన ఎవరికైనా సేవ చేయడానికి సిద్ధపడి తెరిచిపెట్టిన చోటు ఏదైనా దుకాణమే. లోపలికి రానిస్తే సరిపోదు, షరతులు కుదిరితే పని చేసిపెట్టాలి. ఆర్డర్ సరుకు సంగతి ఈ వివరణలోనే ఇమిడి ఉంది.

దుకాణాల్లోకి రానివ్వకపోవడానికి సాకు కాకూడని కారణాలుగా 15(2)లో మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు అనే అయిదూ ఉన్నాయి. మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం మాత్రం ఒక కట్టుబాటుతో మొదలవుతుంది: శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఈ భాగంలోని మిగతా నిబంధనలు, వీటన్నిటికీ లోబడి అని. ఆ ‘మిగతా నిబంధనల్లో’ 15(2) ఉంది, అస్పృశ్యతను రద్దు చేసే 17 ఉంది. మతస్వేచ్ఛ, వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో ఇలాంటి లోబాటు రాసిలేదు. మన దగ్గర ఒక దుకాణదారు ‘నా మతం ప్రకారం ఈ మనిషికి చెయ్యను’ అని వాదిస్తే ఆ వాదన మొదటి మెట్టు దగ్గరే తడబడుతుంది. చాలామంది వ్యాఖ్యాతలు ఈ తేడాను దాటేసి పోతారు.

అయితే రాజ్యాంగంలో రాయడం ఒకటి, ఠాణాలో కేసు కట్టడం మరొకటి. శిక్ష వేసే చట్టం 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అప్పుడు దాని పేరు అస్పృశ్యత నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టం అని మార్చారు. 6వ సెక్షన్ సూటిగా ఉంటుంది: మామూలు వ్యాపారంలో మిగతావాళ్లకు ఏ చోట, ఏ సమయంలో, ఏ షరతుల మీద సరుకు అమ్ముతున్నారో, సేవ చేస్తున్నారో, అదే చోట అవే షరతుల మీద అస్పృశ్యత కారణంగా కాదంటే నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. ఆ జరిమానాకు నేడు మంచి కేకు కిలో కూడా రాదు. దుకాణదారును నిజంగా భయపెట్టగలిగేది 8వ సెక్షన్: 6 కింద శిక్ష పడితే ఆ వ్యాపారపు లైసెన్సును కోర్టు రద్దు చేయవచ్చు, కొంతకాలం ఆపవచ్చు. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అస్పృశ్యత వల్లనే జరిగిందని 12వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవలసింది అవతలివాడు.

ఆ చట్టంలో ఎవరూ పెద్దగా ఎత్తని సెక్షన్ ఒకటుంది, 7(2). అస్పృశ్యత పాటించడానికి ఒప్పుకోని మనిషిని అతని సొంత కులంవాళ్లు వెలివేస్తే అదీ నేరమే. దళితవాడకు పోయి పని చేసిన క్షురకుడికి కులపోళ్ల నుంచి కాపుదల కోసం రాసిన సెక్షన్ ఇది. మొత్తం ఊరి మీద సామూహిక జరిమానా వేసే అధికారాన్ని 1976 సవరణ 10ఏ ద్వారా రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాదనేది ఒక్క మనిషి కాదని శాసనకర్తలకు బాగా తెలుసు.

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. ఆర్థిక బహిష్కారం, సామాజిక బహిష్కారం అన్నవాటికి అందులో నిర్వచనాలు చేర్చారు. వ్యాపారం చేయననడం, కూలికి పిలవకపోవడం, సేవ అందకుండా చేయడం అన్నీ అందులోకి వస్తాయి. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ చెబుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, కమిషనరేట్‌లో అయితే ఏసీపీ. నియమాల ప్రకారం గడువు 60 రోజులు.

కేసులు జారిపోయేది రుజువు దగ్గర. ‘నీ కులానికి చెయ్యను’ అని ముఖం మీద అనేవాళ్లు తగ్గారు. మిషన్ పాడైంది, పనోడు రాలేదు, డేట్లు ఖాళీ లేవు అంటారు. అప్పుడు పనికొచ్చేది 6వ సెక్షన్లోని ‘అదే చోట, అదే సమయంలో’ అన్న మాటే. ఆ పూటే ఇంకొకరి ఆర్డర్ తీసుకున్నట్టు బిల్లో, వాట్సాప్ సందేశమో, సాక్షో దొరకాలి. ఫోన్‌లో తీసిన వీడియో కోర్టులో నిలవాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. అది లేక వీడియో ఉండీ ఓడిపోయే ప్రమాదం ఉంది.

మతం దగ్గర ఖాళీ

ఇక్కడ ఒక పెద్ద సందు ఉంది. 15(2)లో మతం అన్న మాట ఉంది కానీ శిక్ష వేసే చట్టాలు అస్పృశ్యత మీద, ఎస్సీ ఎస్టీల మీద నిలబడ్డాయి. ఒక ముస్లింకు ఫంక్షన్ హాలు ఇవ్వకపోయినా, ఒక క్రైస్తవుడి ప్రార్థన కూటానికి టెంటు వేయనన్నా, కేవలం ఆ నిరాకరణ మీద పోలీసు కేసు కట్టే సెక్షన్ లేదు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 15(2)లోని దుకాణాలు అన్న మాటను విశాలంగా చదివి, ప్రైవేటు విద్యాసంస్థలను కూడా అందులో చేర్చింది. కాబట్టి హైకోర్టుకు పోవచ్చు. ముప్పై వేల టెంటు కోసం హైకోర్టు గడప ఎక్కేదెవరు?

ఉన్నంతలో దగ్గరి దారి వినియోగదారుల కమిషన్. అయితే బయానా ఇచ్చి ఉండాలి. డబ్బు తీసుకుని తర్వాత కాదంటే సేవాలోపం కింద జిల్లా కమిషన్‌కు పోవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. బయానా ముట్టకముందే కాదంటే వినియోగదారు అనిపించుకోవడమే కష్టం. బయానాకు రశీదు రాయించుకోవడం, కనీసం ఫోన్‌పేలో పంపుతూ దేనికోసమో రాయడం అందుకే ముఖ్యం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మాత్రం 2019 చట్టం 3వ సెక్షన్ సరుకులు, సేవల విషయంలో ఎవరూ వివక్ష చూపరాదని విడిగా చెబుతుంది.

ఇక అమెరికా. అక్కడి కథ కేకుతో కాదు, బార్బెక్యూతో మొదలైంది. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లు, భోజనశాలలు, సినిమాహాళ్లలో జాతి వివక్షను నిషేధించింది. సౌత్ కరోలినాలోని పిగ్గీ పార్క్ భోజనశాలల యజమాని, నల్లవాళ్లతో కలిపి కూర్చోబెట్టడం తన మతానికి విరుద్ధమన్నాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని కొట్టిపారేసింది. కానీ ఆ కేంద్ర చట్టం మామూలు దుకాణాలన్నిటినీ తాకదు, స్వలింగ సంపర్కుల ప్రస్తావనా అందులో లేదు. అందుకే తర్వాతి తగాదాలు రాష్ట్ర చట్టాల కింద నడిచాయి.

2012లో కొలరాడోలో మాస్టర్‌పీస్ కేక్‌షాప్ యజమాని జాక్ ఫిలిప్స్ ఇద్దరు పురుషుల పెండ్లికి కేకు చేయనన్నాడు. డిజైన్ మాట ఎత్తకముందే కాదన్నాడు, ఇది గుర్తుంచుకోవలసిన వివరం. 2018 జూన్‌లో 7-2 తేడాతో ఫిలిప్స్ గెలిచాడు. కానీ కేకు చేయడం వాక్ స్వాతంత్ర్యం కిందికి వచ్చే వాక్కా కాదా అన్నది కోర్టు తేల్చలేదు. రాష్ట్ర కమిషన్ అతని మతాన్ని చులకన చేసిందని, స్వలింగ సంపర్కులకు వ్యతిరేకంగా వాక్యాలు రాసిన కేకులు చేయనన్న వేరే బేకరీలను ఆ కమిషనే వదిలేసిందని చెప్పి ఊరుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు బెల్‌ఫాస్ట్‌లోని ఆషర్స్ బేకరీ కేసులో ఏకగ్రీవంగా గీత గీసింది. 36.50 పౌండ్ల కేకు మీద స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదం రాయనన్నారు. ఎవరు అడిగినా రాసేవాళ్లు కాదు, కాబట్టి కాదన్నది మాటను, మనిషిని కాదు అంది. 2023లో 303 క్రియేటివ్ కేసులో అమెరికా కోర్టు 6-3తో, స్వలింగ జంటల పెండ్లికి వెబ్‌సైట్ చేయనన్న డిజైనర్ పక్షాన నిలిచింది, అదీ మతస్వేచ్ఛ కింద కాదు, వాక్ స్వాతంత్ర్యం కింద. ఈ మూడు తీర్పుల్లో బ్రిటన్ తర్కమే స్పష్టమైనది. ఇక్కడి ప్రింటర్లకు అక్కరకొచ్చేదీ అదే.

ఎందుకంటే హన్మకొండ ఫ్లెక్సీ దుకాణంలో రోజూ తేలేది మాట సంగతే. కొలతలు, ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి, ఆపరేటర్ డిజైన్ చేసి ప్రూఫ్ పంపుతాడు, ‘ఓకే’ రాగానే మిషన్ మీదికి పోతుంది. వాక్యం చదవాల్సింది ఆ ప్రూఫ్ దగ్గరే. వర్గాల మధ్య ద్వేషం రేపే రాతకు న్యాయ సంహిత 196వ సెక్షన్, మతవిశ్వాసాలను కావాలని కించపరిస్తే 299. అచ్చు వేసినవాడి పేరు కూడా కేసులోకి లాగవచ్చు. ఎన్నికల కరపత్రం, పోస్టర్ అయితే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ: అచ్చు వేయించేవాడు ఎవరో సంతకంతో రెండు ప్రతుల్లో ధ్రువీకరణ ఇవ్వాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు సాక్ష్య సంతకం చేయాలి, ప్రింటర్ పేరు చిరునామా దాని మీద ఉండాలి. ఇలాంటి రాత ఎవరు తెచ్చినా వేయం అని గోడకు అంటించి, దాన్ని అందరికీ ఒకేలా పాటిస్తే అది మనిషిని కాదనడం కాదు. ఒక పార్టీకి, ఒక మతానికి వేసి ఇంకొకరికి కాదంటే అప్పుడు గోడ మీది కాగితమే ఎదురు సాక్ష్యం అవుతుంది.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు కథ మళ్లీ పాత ఆయగాళ్ల దగ్గరికే పోతుంది. గ్రామాభివృద్ధి కమిటీలు, అందరూ వీడీసీ అనేవి, అక్కడ పంచాయతీ కంటే గట్టివి. చట్టంలో వాటికి చోటు లేదు. అడిగిన సొమ్ము కట్టలేదనో, చెప్పిన మాట వినలేదనో ఒక కుటుంబాన్ని, ఒక్కోసారి మొత్తం కులాన్ని వెలివేస్తారు. కిరాణం, క్షవరం, టైలర్, ట్రాక్టర్ అన్నీ బంద్. అమ్మినవాడికి జుర్మానా. వెలిపడ్డవాళ్లలో గీత కార్మికుల్లాంటి బీసీలు చాలామంది. వాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టమూ వర్తించదు, పౌరహక్కుల రక్షణ చట్టం 6వ సెక్షనూ వర్తించదు. మహారాష్ట్ర 2016లో సామాజిక బహిష్కారం మీద విడిగా చట్టం చేసింది, శిక్ష మూడేళ్ల వరకు, జరిమానా లక్ష వరకు. తెలంగాణలో అలాంటి చట్టం రాలేదు. బీసీ కుటుంబం ఫిర్యాదు న్యాయ సంహితలోని బెదిరింపు, బలవంతపు వసూలు, కుట్ర సెక్షన్ల కిందికి, అంటే 351, 308, 61 కిందికి పోవాలి. అక్కడ ఫిర్యాదు రాసే తీరే సగం కేసు. సరుకు ఇవ్వనన్న కిరాణా కొట్టాయనను మొదటి నిందితుడిగా రాస్తే అతనూ కమిటీ పక్కకే పోతాడు. చాటింపు వేయించినవాళ్లను, జుర్మానా రాసిన పుస్తకం పట్టుకున్నవాళ్లను ముందు పేర్కొని, కొట్టాయనను సాక్షిగా చూపితే నోరు విప్పే వీలుంటుంది, ఎందుకంటే ఆ జుర్మానా భయం అతనికీ ఉంది.