మలి వయసులో ముందస్తు పరీక్షలు: అపోహలు – వాస్తవాలు

ఏ లక్షణమూ లేని వ్యక్తిలో దాగి ఉన్న జబ్బును వెతకడానికి చేసేవే ముందస్తు పరీక్షలు. కింద పేర్కొన్న వయోపరిమితులు వాటికి మాత్రమే వర్తిస్తాయి. మలంలో రక్తం పడినా, రొమ్ములో గడ్డ తగిలినా, బహిష్టులు ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తస్రావం కనిపించినా, తొంభై ఏళ్ల వారికైనా కారణం వెతకవలసిందే.

అపోహ: వయసు పైబడిన కొద్దీ ఎక్కువ పరీక్షలు చేయించుకోవడమే మంచిది.

పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ల ముందస్తు పరీక్షల వల్ల కలిగే ప్రయోజనం చేతికి అందడానికి సుమారు 10 సంవత్సరాలు పడుతుంది. కొలనోస్కోపీకి (గొట్టంతో పెద్దపేగు లోపలి భాగాన్ని చూసే పరీక్షకు) ముందు తాగే విరేచన మందు వల్ల వచ్చే నీరసం, పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండ) తొలగించిన చోట రక్తస్రావం వంటి ఇబ్బందులు మాత్రం రోజుల్లోనే ఎదురవుతాయి. అందువల్లనే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ (ముందస్తు పరీక్షలపై సూచనలిచ్చే నిపుణుల బృందం) పెద్దపేగు పరీక్షను 45 నుంచి 75 ఏళ్ల వరకు అందరికీ సూచించి, 76 నుంచి 85 వరకు వ్యక్తిని బట్టి నిర్ణయించమని చెబుతోంది. మామోగ్రామ్‌ను (రొమ్ము ఎక్స్‌రేను) 40 నుంచి 74 ఏళ్ల స్త్రీలకు రెండేళ్లకొకసారి సూచిస్తూ, ఆపై వయసు వారి విషయంలో ఆధారాలు చాలవని అంటోంది. చురుకుగా తిరిగే 78 ఏళ్ల వ్యక్తికి మేలు చేసే పరీక్ష, తీవ్రమైన గుండె వైఫల్యంతో ఉన్న 68 ఏళ్ల వ్యక్తికి శ్రమ మాత్రమే మిగల్చవచ్చు. కాబట్టి పుట్టిన సంవత్సరం ఒక్కటే చూసి పరీక్షలు రాయడం నాకు సమ్మతం కాదు.

అపోహ: 65 దాటిన ఏ స్త్రీకీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అక్కరలేదు.

అంతకు ముందు పదేళ్లలో తగినన్ని పరీక్షలు జరిగి, వాటి ఫలితాలన్నీ సాధారణంగా ఉన్నవారికే ఆ మినహాయింపు. జీవితంలో ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోని స్త్రీకి అది వర్తించదు.

అపోహ: ఎముకలు గుల్లబారడం ఆడవారి జబ్బు.

బహిష్టులు ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక వేగంగా క్షీణిస్తుంది కనుక, 65 ఏళ్లు నిండిన స్త్రీలందరికీ డెక్సా స్కాన్ (ఎముక సాంద్రతను కొలిచే ఎక్స్‌రే) సూచిస్తారు. పురుషులందరికీ అలా సూచించడానికి ఆధారాలు చాలకపోయినా, వారికి ముప్పు లేదని దాని అర్థం కాదు. తుంటి ఎముక విరిగిన తర్వాత మరణించే అవకాశం స్త్రీలలో కన్నా పురుషులలోనే ఎక్కువ. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స పొందుతున్నవారు, చిన్నపాటి పడిపోవడానికే ఎముక విరిగినవారు మగవారైనా సరే, ఎముక సాంద్రత గురించి వైద్యుని అడగాలి. ఈ మాట పురుషులకు పదేపదే చెప్పవలసి వస్తుంది.

అపోహ: పెద్ద వయసు మగవారందరూ ఏటా పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే రక్త పరీక్ష) చేయించుకోవాలి.

వృద్ధాప్యంలో కనిపించే ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలా వాటి పెరుగుదల ఎంత నిదానమంటే, అవి ఉన్నట్టు తెలియకుండానే మనిషి వేరే కారణంతో మరణిస్తాడు. అలాంటి దాన్ని వెతికి పట్టుకొని చికిత్స చేస్తే, మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సామర్థ్యం తగ్గడం వంటి బాధలు మిగలవచ్చు. 55 నుంచి 69 ఏళ్ల మధ్య లాభనష్టాలు తెలుసుకొని ఎవరికి వారు నిర్ణయించుకోవాలనీ, 70 దాటాక ఈ ముందస్తు పరీక్ష వద్దనీ అదే టాస్క్‌ఫోర్స్ సూచన. పరీక్ష చేయించుకునేవారు తాము వాడే మందులు తప్పక చెప్పాలి, ఎందుకంటే ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టరైడ్ కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ విలువ దాదాపు సగానికి పడిపోతుంది.

అపోహ: పొగతాగడం మానేశాక వెతకవలసిందేమీ ఉండదు.

ఎప్పుడైనా పొగతాగిన 65–75 ఏళ్ల పురుషులకు, పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందేమో చూడటానికి ఒక్కసారి అల్ట్రాసౌండ్ చాలు. ఎన్నడూ పొగతాగని స్త్రీలకు ఇది సూచించరు.

అపోహ: ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో లేనిది ముఖ్యమైన పరీక్ష కాదు.

పడుకున్నప్పుడూ, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపూ రక్తపోటు చూసి, పై సంఖ్య 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గిందా అని గమనించడానికి బీపీ యంత్రం ఒక్కటి సరిపోతుంది. అలా తగ్గితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పడిపోయి గాయపడటం స్త్రీలలో ఎక్కువైతే, ఆ పడిపోవడంతో మరణించడం పురుషులలో ఎక్కువ. కనుక గత ఏడాది ఎప్పుడైనా పడిపోయారా అన్న ప్రశ్న ఇద్దరినీ అడగాలి, వైద్యుడు అడగకపోతే మీరే చెప్పాలి.