రంజాన్‌లో ఆకలి వేళ మారుతుంది

మన ఇళ్లలో మధ్యాహ్నం ఒంటిగంట అయిందంటే భోజనానికి కూర్చోవాల్సిందే. ఆకలి వేసిందా అని ఎవరూ ఆలోచించరు. ఇంటికొచ్చిన వాళ్లను "తిన్నారా?" అని అడక్కపోతే మర్యాద కాదు, వడ్డించేటప్పుడు "ఇంకొంచెం వేసుకోండి" అనకపోతే ప్రేమ కాదు. అలాంటి మనకు, తెల్లవారుజామున సహరీ భోజనం ముగించి పొద్దుగూకి ఇఫ్తార్‌తో ఉపవాసం విడిచేదాకా మంచినీళ్లు కూడా ముట్టని రంజాన్ రోజా ఆశ్చర్యంగానే ఉంటుంది. అన్ని గంటలు ఎలా ఉంటారు?

ఏకాదశికి చాలామంది అన్నం మానేసి పాలూ పళ్లూ తీసుకుంటారు. అక్కడ నియమం పదార్థం మీద. రోజాలో నియమం వేళ మీద. రాత్రి హాయిగా తినే అదే తిండిని పగలు పక్కన పెడతారు. ఈ తేడా నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే మన ఆకలి కూడా చాలావరకు వేళను బట్టే నడుస్తుంది.

1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం ఘ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొంది. ఇది ఎక్కువగా జీర్ణాశయంలో తయారై, ఆకలి కబురును మెదడుకు చేరవేస్తుంది. మనం రోజూ తినే వేళకు కాస్త ముందు రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది. ఆ వేళకు ఏమీ తినకపోయినా కొంతసేపటికి దానంతట అదే తగ్గుతుంది. వేళ దాటాక "ఆకలి చచ్చిపోయింది" అని పెద్దలు అనేది ఈ అనుభవాన్నే. ఆకలి గంట గంటకూ పెరుగుతూనే పోదు, అలలా వచ్చి వెళ్తుంది.

మరి శక్తి సంగతి? కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకున్న చక్కెర, నిల్వ ఉంటుంది. పగటిపూట రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది అదే. అది తగ్గుతున్నకొద్దీ ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. హైదరాబాద్‌లో రోజా కాలాన్ని బట్టి దాదాపు పన్నెండున్నర నుంచి పద్నాలుగున్నర గంటలు. ఆరోగ్యవంతులు తట్టుకోగల వ్యవధే. మొదటి రోజుల్లో వచ్చే తలనొప్పికి చాలాసార్లు కారణం తిండి లేకపోవడం కాదు, వేళకు టీ పడకపోవడం.

అసలు పరీక్ష దాహం. కొవ్వులా నీటిని దాచుకునే చోటు శరీరంలో లేదు. మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచి నీటిని పొదుపు చేస్తాయి, అంతే. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ తిరుగుతుంది. మే ఎండలో తాపీ పని చేస్తూ రోజా ఉండే మనిషి నిగ్రహాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

దీన్ని బరువు తగ్గే డైట్‌గా ప్రచారం చేయడం మాత్రం నాకు నచ్చదు. రాత్రి నెయ్యి తేలే హలీం, నూనెలో వేయించిన సమోసాలు ఉంటే మొత్తం కేలరీలు తగ్గకపోవచ్చు. తగ్గే బరువు సాధారణంగా స్వల్పం, అదీ చాలామందికి తిరిగి వస్తుంది. రోజా ఉండేవారి ఉద్దేశం కూడా అది కాదు, అది ఆరాధన.

షుగర్ ఉన్నవాళ్ల విషయం వేరు. రోగులకు, ప్రయాణికులకు ఖురానే మినహాయింపు ఇచ్చింది. అయినా ఉండాలనుకునే షుగర్ రోగులు నెల మొదలవకముందే డాక్టర్‌ను కలిసి మందుల మోతాదు, వేళలు మార్చుకోవాలి. వేలిపై సూదితో చేసే రక్తపరీక్ష వల్ల రోజా భంగం కాదని పండితులు చెబుతున్నారు. రక్తంలో చక్కెర 70 mg/dL కంటే తగ్గినా, 300 దాటినా ఇఫ్తార్ దాకా ఆగకుండా వెంటనే విరమించాలన్నది వైద్యుల సూచన.