చదరంగాన్ని చివరి నుంచి నేర్చుకోండి

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు చదరంగం మొదలుపెట్టారని, అప్పుడే ఓపెనింగుల (ఆట ఆరంభంలో వేసే ఎత్తుల వరుసల) పేర్లు వల్లె వేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే ఆటలోని చివరి ఘట్టాన్నే ముందుగా నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం.

2024 డిసెంబరులో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, చెన్నైలో పెరిగిన తెలుగింటి బిడ్డ గుకేశ్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ సమానమైన పాయింట్లతో పద్నాలుగో గేముకు వచ్చారు. ఒక బంటు తక్కువైనా డ్రా చేసుకోగల స్థితిలో ఉన్న డింగ్, 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2 గడికి జరిపారు (నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు). ముందు ఏనుగులు, వెంటనే శకట్లు మార్పిడి అయిపోయి, రాజులు, బంట్లు మాత్రమే మిగలడంతో ఆయన ఓటమిని ఒప్పుకోవలసి వచ్చింది. అంతటి ఆటగాళ్ల మధ్య కూడా కిరీటం ఎవరిదో తేల్చింది రాజు, బంటు లెక్కే.

ఆ లెక్కను మీరు ఈ రోజే నేర్చుకోవచ్చు. తెల్ల రాజును ఇ4లో, తెల్ల బంటును ఇ3లో, నల్ల రాజును ఇ6లో పెట్టండి. రాజులిద్దరి మధ్య ఒకే గడి ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు ఎత్తు నల్లవారిదైతే, నల్ల రాజు దారి వదలక తప్పదు. అతడు డి6కు జరిగితే తెల్ల రాజు ఎఫ్5లోకి చొచ్చుకుపోయి, బంటును చివరి వరుస దాకా నడిపించి మంత్రిని చేస్తాడు. ఎత్తు తెల్లవారిదైతే ఆట డ్రా. తెల్ల రాజు ఎటు జరిగినా నల్ల రాజు మళ్లీ ఎదురుగా నిలబడతాడు. బంటు ఇ6కు, తెల్ల రాజు దాని వెనుక ఇ5కు చేరినప్పుడు మాత్రం, ఇ7లో ఉన్న నల్ల రాజు తిన్నగా ఇ8కే తగ్గాలి. డి8కో ఎఫ్8కో తగ్గితే ఓటమే. ఒకరు తెల్లవారుగా, ఒకరు నల్లవారుగా మార్చి మార్చి ఆడి చూడండి.

నియమాలు మీకు తెలిసినవే. ఒకటి మాత్రం ఇంట్లో ఆడేటప్పుడే అలవాటు చేసుకోండి: ముట్టుకున్న పావును కదపాల్సిందే. క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చేసేటప్పుడు రాజునే ముందు ముట్టుకోవాలి. టోర్నమెంటులో ముందు ఏనుగును పట్టుకుంటే ఆ ఎత్తులో అటువైపు క్యాస్లింగ్ చేయనివ్వరు.

ఓపెనింగుల్లో ప్రస్తుతానికి ఇటాలియన్ ఒక్కటి చాలు. బంటు ఇ4కు, గుర్రం ఎఫ్3కి, శకటు సి4కు వస్తాయి. ఆ శకటు ఎఫ్7 గడిని గురిచూస్తుంది, ఎందుకంటే ఆట మొదట్లో ఆ గడికి నల్ల రాజు తప్ప కాపలా లేదు. ప్రతి ఎత్తుకూ ఇలాంటి కారణం చెప్పగలిగితేనే దాన్ని ఆడండి.

ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే రేటింగు గురించి అడిగారు. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు రూపొందించిన ఈ పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించింది. ఎదుటివారికంటే రేటింగు 200 ఎక్కువున్న ఆటగాడు నాలుగు గేముల్లో సుమారు మూడు పాయింట్లు (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) తెచ్చుకుంటాడని దీని అంచనా. అంచనాను మించితే రేటింగు పెరుగుతుంది, అందుకోకపోతే తగ్గుతుంది. మీ వయసువారు సమానమైన రేటింగున్నవారిపై గెలిస్తే 20 పెరుగుతుంది, ఓడితే అంతే పోతుంది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరింది ఇలా గేము గేముకూ కూడబెట్టుకునే.

టోర్నమెంటులో ఎత్తులన్నీ స్కోర్‌షీటులో రాసుకుని, ఓడిన గేములను నాకు పంపండి. ఆట ఎక్కడ చేజారిందో బోర్డు ముందు పెట్టుకుని చూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య