సంఖ్యారేఖ లెక్కల్లో బీని రెండుసార్లు పెట్టండి

నల్లగొండలో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం ఐసెట్ రాసే పిల్లలకు డేటా సఫిషియెన్సీ చెప్తాను. ఇందులో జవాబు అడగరు; ఇచ్చిన రెండు స్టేట్‌మెంట్లు విడిగా గానీ, కలిపి గానీ జవాబు తేల్చడానికి సరిపోతాయా అని అడుగుతారు. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి వారం ఈ లెక్కే ఇస్తాను. సంఖ్యారేఖ మీద ఏకి, సీకి మధ్య బీ ఉందా? ఒకటో స్టేట్‌మెంట్: ఏ నుంచి బీకి దూరం 4. రెండోది: ఏ నుంచి సీకి దూరం 7.

ముప్పాతిక మంది సున్నా దగ్గర ఏ, 4 దగ్గర బీ, 7 దగ్గర సీ గీసేసి ‘రెండూ కలిపితే సరిపోతాయి సార్’ అంటారు.

అపోహ: దూరం తెలిస్తే చోటు తెలిసినట్టే.

వాస్తవం: దూరానికి దిక్కు లేదు. ‘నార్కట్‌పల్లి నుంచి పది కిలోమీటర్ల దూరంలో బండి ఆగిపోయింది’ అని తమ్ముడు ఫోన్ చేస్తే మెకానిక్‌ను తీసుకుని చిట్యాల వైపు పోతారా, నకిరేకల్ వైపా? బీ 4 దగ్గర ఉండొచ్చు, -4 దగ్గరా ఉండొచ్చు. ఒకచోట జవాబు ‘ఉంది’, ఇంకోచోట ‘లేదు’. రెండూ కలిపినా సరిపోవు.

ఇది అర్థమైందనుకుని అంకెలు మారుస్తాను: ఏబీ 9, ఏసీ 6. ఇప్పుడందరూ ‘ఎటైనా ఉండొచ్చు, సరిపోదు’ అంటారు! గీసి చూడండి. ఏకి సీ కన్నా బీయే దూరం. అది ఎటున్నా మధ్యలోకి రాదు. జవాబు కచ్చితంగా ‘లేదు’. అంటే సమాచారం సరిపోయింది.

నేను ఐసెట్ రాసినప్పుడు ‘లేదు’ అని తేలిన ప్రతిచోటా ‘సరిపోదు’ పెట్టి వచ్చాను. దేవరకొండ బస్సులో పక్క సీటు అబ్బాయి చెప్తే తెలిసింది. మల్లేపల్లి వచ్చేదాకా నోరు మెదపలేదు.

మిగతావి చిన్నవే. రెండో స్టేట్‌మెంట్ చూసేటప్పుడు ఒకటోదాన్ని చేత్తో మూసెయ్యండి. ‘అన్నిటికీ మూడో ఆప్షన్ పెడితే గట్టెక్కుతాం’ అనే వాట్సాప్ మెసేజ్ నాకు పంపకండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలొద్దన్నది నిజమే, కానీ ఈ విభాగంలో 20 ప్రశ్నలున్నాయి, గుడ్డిగా పెట్టి పోగొట్టుకోవడం ఎందుకు? 2025లో పరీక్ష మన మహాత్మా గాంధీ యూనివర్సిటీ పెట్టినప్పుడు ‘మనోళ్లే కదా, ఈజీగా ఇస్తారంట’ అన్నవాళ్లూ ఉన్నారు. ఏం చెప్పాలి!

‘బీఏ చదివాను, లెక్కలు వదిలేసి ఐదేళ్లయింది’ అని టెన్షన్ పడే అమ్మాయిలు, అబ్బాయిలు మాత్రం భయపడకండి. ఈ రకానికి కూడిక, తీసివేత వస్తే చాలు. రఫ్ పేజీలో గీత గీసి ఏకి ఎడమన ఒక బీ, కుడిన ఒక బీ పెట్టండి. నా క్లాసులో ఆ రెండు చుక్కలూ చూపించనిదే జవాబు వినను.