అమెరికా కుర్రకారుకు క్రైస్తవులంటే ఎందుకు పడట్లేదు: అసలు కథ 1990లలో ఉంది

2007లో బార్నా అనే సర్వే సంస్థ అడిగితే, అమెరికాలోని క్రైస్తవేతర యువతలో ఎక్కువమంది క్రైస్తవులు వేషధారులని, ఎదుటివాళ్లకు తీర్పు తీరుస్తారని అన్నారు. కుర్రకారు చర్చికి దూరమవుతున్నారా, తిరిగొస్తున్నారా అన్న గొడవ ఇప్పుడు అక్కడ మళ్లీ రాజుకుంది. 2023 ఫిబ్రవరిలో కెంటకీ రాష్ట్రంలోని విల్మోర్ అనే చిన్న ఊళ్లో, ఆస్బరీ యూనివర్సిటీ చాపెల్‌లో మామూలుగా మొదలైన ఒక ఆరాధన ఆగకుండా రెండు వారాలపాటు సాగింది. 2025 సెప్టెంబరులో, రిపబ్లికన్ల వైపు కుర్రాళ్లను కూడగట్టిన కార్యకర్త చార్లీ కిర్క్ హత్య తర్వాత కుర్రాళ్లు చర్చిలకు పోటెత్తుతున్నారని వార్తలొచ్చాయి. ఇంకేం, ఉజ్జీవం, అంటే జనంలో భక్తి మళ్లీ ఉప్పొంగే కాలం, వచ్చేసిందని ఒక వర్గం పండగ చేసుకుంది. డిసెంబరులో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వచ్చి, దేశమంతటా యువతలో అలాంటిది జరుగుతోందనడానికి స్పష్టమైన ఆధారమేమీ కనిపించట్లేదని దాని మీద నీళ్లు చల్లింది. అదే సంస్థ ఆ ఏడాది మొదట్లో విడుదల చేసిన పెద్ద సర్వేలో, 18 నుంచి 24 ఏళ్లవాళ్లలో క్రైస్తవులమని చెప్పుకున్నది 46 శాతమే. బాగా పెద్ద వయసువాళ్లలో అది 80 శాతం.

ఎవరి లెక్క కరెక్టో వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. కుర్రకారుకు క్రైస్తవులంటే మొదట మొహం మొత్తింది ఎప్పుడు, ఎందుకు అన్నది తెలియకుండా మాత్రం ఈ వాదనలో తలదూర్చడం దండగ. 1950ల నాటి నిండు చర్చిలు, 60ల తిరుగుబాటు, 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ పెట్టిన మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ, ఇవన్నీ వినీ వినీ ఉన్నవే, వదిలేద్దాం. పైగా ఒక తమాషా ఉంది: 60లలో అంత రచ్చ జరిగినా, ఆ తర్వాత చాలా ఏళ్లు 'నాకు ఏ మతమూ లేదు' అనేవాళ్లు ఏడు శాతం చుట్టుపక్కలే ఉన్నారు. 1991 నుంచి 1998 లోపు అది 14 శాతమైంది. ఉన్నట్టుండి రెట్టింపు!

ఎందుకో మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ అనే సోషియాలజిస్టులు 2002లో ఒక పరిశోధన పత్రంలో చెప్పారు. పెళ్లి, పిల్లలు ఆలస్యం కావడం ఒక కారణం, రెండోది రాజకీయం. 1989లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ క్రిస్టియన్ కోయలిషన్ అనే రాజకీయ సంస్థ పెట్టాడు. 1992లో హ్యూస్టన్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభలో, అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి ఓడిన పాట్ బ్యుకానన్ స్టేజీ ఎక్కి, దేశంలో మతయుద్ధం నడుస్తోందని, అమెరికా ఆత్మ కోసం జరుగుతున్న పోరు ఇదని ప్రసంగించాడు. ఇదంతా టీవీలో చూసిన మధ్యేవాదులు, లిబరల్స్, అందులోనూ వయసులో చిన్నవాళ్లు, 'క్రైస్తవుడంటే ఇదే అయితే ఆ పేరు నాకొద్దు' అనుకున్నారు. వాళ్లలో చాలామంది దేవుణ్ణి నమ్ముతూనే ఉన్నారు, ప్రార్థన చేసుకుంటూనే ఉన్నారు. నాకైతే ఈ ఒక్క సంగతిలోనే సగం జవాబు దొరుకుతుంది.

మిగతా సగం చర్చి లోపలి పిల్లలది. 1993లో సదరన్ బాప్టిస్టులు అనే పెద్ద ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు 'ట్రూ లవ్ వెయిట్స్' అని ఒక ఉద్యమం మొదలుపెట్టారు. టీనేజి పిల్లల చేతికి ఒక చిన్న కార్డు ఇచ్చేవాళ్లు. దేవునికి, నాకు, నా కుటుంబానికి, స్నేహితులకు, నాకు కాబోయే భర్తకో భార్యకో, పుట్టబోయే పిల్లలకు కూడా మాటిస్తున్నాను, పెళ్లయ్యేదాకా పవిత్రంగా ఉంటానని రాసి ఉంటుంది, కింద సంతకం పెట్టాలి. పదిహేనేళ్ల పిల్ల ఇంకా పుట్టని పిల్లలకు మాటివ్వడమన్నమాట! 1994 వేసవిలో అలాంటి కార్డులు రెండు లక్షలకు పైగా తెచ్చి వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం గడ్డిలో వరసలుగా గుచ్చారు. తర్వాత పీటర్ బేర్‌మన్, హానా బ్రూక్నర్ అనే సోషియాలజిస్టులు చేసిన అధ్యయనాల్లో, ప్రమాణం చేసినవాళ్లు సెక్స్ విషయంలో సగటున కొంత ఆలస్యం చేశారు గానీ పెళ్లి దాకా ఆగినవాళ్లు తక్కువేనని, సుఖవ్యాధుల విషయంలో మిగతావాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా లేదని తేలింది. తప్పు చేశామన్న భయంతో, ఎవరికి చెబితే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో పెరిగిన పిల్లలు వాళ్లు.

ఇక మొదట్లో చెప్పిన 2007 సర్వే. ఆ ఏడాది బార్నా సంస్థ 16 నుంచి 29 ఏళ్లవాళ్లను అడిగింది కదా, వాళ్లు ఇంచుమించు 1978 నుంచి 1991 మధ్య పుట్టినవాళ్లు, అంటే ఆ కార్డుల కాలం పిల్లలు. పైగా సర్వే చేసింది నాస్తికులు కాదు, బార్నా క్రైస్తవులు నడిపే సంస్థే. క్రైస్తవేతర యువతలో 91 శాతం క్రైస్తవులు స్వలింగ సంపర్కులంటే పడనివాళ్లన్నారు, 87 శాతం ఎదుటివాళ్లకు తీర్పు తీరుస్తారన్నారు, 85 శాతం వేషధారులన్నారు. చర్చికి వెళ్లే కుర్రకారులోనూ దాదాపు సగంమంది తీర్పు తీర్చడం, వేషధారణ, అతి రాజకీయం అన్న మాటలు నిజమేనని ఒప్పుకున్నారు.

అప్పుడు పేపర్లన్నీ ఆ 91 వెంట పడ్డాయి. నాకు ఎక్కువ గుచ్చుకున్నది వేరే అంకె. ఆ క్రైస్తవేతరుల్లో 84 శాతం మందికి నిష్ఠగల క్రైస్తవుడు ఒక్కడైనా స్వయంగా తెలుసు. అయితే ఆ మనిషి బతికే తీరు అందరికంటే చెప్పుకోదగ్గంత భిన్నంగా ఉందన్నది 15 శాతమే. అంటే టీవీలో చూసి దూరం నుంచి రాళ్లేయలేదు, పక్క బెంచీలో కూర్చున్నవాణ్ణి, ఆఫీసులో పక్క సీటువాణ్ణి చూసి చెప్పారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని మనం అనే మాటే ఇది. దానికి ఏడాది ముందే, ఎవాంజెలికల్స్ (బైబిల్‌ను కచ్చితంగా పట్టుకుని సువార్త ప్రచారం చేసే ప్రొటెస్టెంట్లు) జాతీయ సంఘం అధ్యక్షుడు టెడ్ హాగర్డ్, స్వలింగ వివాహాలను వ్యతిరేకిస్తూ వచ్చినవాడు, డబ్బిచ్చి ఒక పురుషుడితో సంబంధం పెట్టుకున్నాడన్న ఆరోపణ మీద దిగిపోయాడు, లైంగిక అనైతికత నిజమేనని తన సంఘానికి ఉత్తరం రాశాడు.

చర్చి పెద్దల వాదన కూడా ఉంది. మీడియా చెడ్డవాళ్లనే చూపిస్తుందని, సువార్త ఎప్పుడూ లోకానికి మింగుడుపడదని, కాలంతో పాటు మెత్తబడిన మెయిన్‌లైన్ చర్చిలు (మెథడిస్టులు, ఎపిస్కోపల్ లాంటి పాత ప్రొటెస్టెంట్ శాఖలు) ఇంకా ఎక్కువమందిని పోగొట్టుకున్నాయని అంటారు. చివరిది నిజమే, కొట్టిపారేయలేం. అదే 2007 సర్వేలో 71 శాతం క్రైస్తవాన్ని స్నేహపూర్వకమైనదని కూడా అన్నారు.

కానీ 2011లో పీఆర్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వే చూడండి. సొంత జీవితంలో తప్పు చేసిన నాయకుడు పదవిలో నీతిగా ఉండగలడా అని అడిగితే తెల్ల ఎవాంజెలికల్స్‌లో 30 శాతమే ఉండగలడన్నారు. 2016లో, ట్రంప్ బరిలో ఉన్నప్పుడు, 72 శాతం ఉండగలడన్నారు. కార్డు మీద సంతకం పెట్టించుకున్న తరమే కదా ఇలా మాట మార్చింది! ఆ పిల్లలకు అది కనపడదా?

ఇప్పటి ఇరవై ఏళ్లవాళ్లు 1994 నాటికి పుట్టనేలేదు. వాళ్లలో చాలామంది చర్చి మానేసిన తల్లిదండ్రుల ఇళ్లలో పెరిగారు, కాబట్టి వాళ్లకు చర్చి మీద పాత కక్ష కూడా లేదు. ఆస్బరీ లాంటి చోటికి వాళ్లు ఆసక్తిగా వెళ్లడానికి అదే కారణమని నా అనుమానం. అయితే ఉజ్జీవం అంటున్నవాళ్లు ఎక్కువగా చూపిస్తున్నది అబ్బాయిలను. ప్యూ లెక్కల్లో కుర్రాళ్లు అమ్మాయిలతో సమానమైంది వాళ్ల భక్తి పెరిగి కాదు, అమ్మాయిలది తగ్గి. ఆ పవిత్రత ప్రమాణాల భారం ఎక్కువ మోసింది అమ్మాయిలే, వాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారన్న ప్రశ్న మాత్రం ఈ సంబరాల్లో పెద్దగా వినపడట్లేదు.